పాత ఆంప్లిఫయర్ లోపలి సర్దుబాట్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఎంచుకున్న ఉత్తరాలన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ఇంట్లో నలభై, యాభై ఏళ్లుగా ఉన్న ఆంప్లిఫయర్‌ను విప్పి, లోపలి ప్రీసెట్లను, అంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టర్లను సర్ది, దాన్ని మళ్లీ మొదటి స్థితికి తేవచ్చా అన్నదే అందరి ప్రశ్న. తీసుకురావచ్చు. అయితే ఆ చిన్న ప్రీసెట్లు రేడియో మీద ఉండే టోన్ కంట్రోలు వంటివి కావు. వాటి వెనక లెక్క ఉంది, వరుస ఉంది, తప్పితే చెల్లించవలసిన మూల్యమూ ఉంది.

ప్రశ్న (జగిత్యాల నుంచి ఒక పాఠకుడు): మా నాన్నగారు 1979లో దుబాయి నుంచి తెచ్చిన జపాన్ ఆంప్లిఫయర్ మా ఇంట్లో ఇప్పటికీ పనిచేస్తోంది. ఛానెల్‌కు 50 వాట్లు. ఈ మధ్య పాట పెట్టకపోయినా కుడివైపు హీట్‌సింకు (వేడిని బయటికి పంపే లోహపు రెక్కల దిమ్మ) చెయ్యి ఆనించలేనంతగా కాలుతోంది. ఎడమవైపుది చల్లగానే ఉంటోంది గానీ, శబ్దం బాగా తగ్గించి విన్నప్పుడు ఆ స్పీకర్‌లో గొంతు గరగరలాడుతోంది. బోర్డు మీది ప్రీసెట్‌ను కొంచెం తిప్పితే చాలని తెలిసినవారు ఒకరు చెప్పారు. నేనే తిప్పవచ్చా అండీ?

జవాబు: మీరు రెండు లోపాలు చెప్పాననుకుంటున్నారు గానీ, నిజానికి అవి ఒకే సర్దుబాటుకు రెండు కొసలు. కుడి ఛానెల్‌లో బయస్ కరెంటు ఎక్కువైంది, ఎడమ ఛానెల్‌లో తక్కువైంది.

ఒకే రోట్లో ఇద్దరు జంట రోకళ్లతో దంచడం మీరు చూసే ఉంటారు. ఒకరి రోకలి పైకి లేచే వేళకు రెండోవారిది కిందికి దిగాలి. మీ ఆంప్లిఫయర్ చివర ఉన్న అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల జంట కూడా సంకేతాన్ని అలాగే పంచుకుంటుంది. పై సగాన్ని ఒకటి, కింది సగాన్ని మరొకటి మోస్తాయి. కానీ సిలికాన్ ట్రాన్సిస్టర్‌కు బేసు, ఎమిటర్, కలెక్టర్ అని మూడు కాళ్లుంటాయి. అది తన బేసుకు, ఎమిటర్‌కు మధ్య దాదాపు 0.6 వోల్టులు అందే వరకూ మేలుకోదు. అందువల్ల ముందుగా కొంత వోల్టేజీ ఇచ్చి రెండింటినీ సగం మెలకువలో ఉంచకపోతే, సంకేతం సున్నాను దాటే ప్రతిసారీ రెండూ నిద్రలో ఉండే ఒక ఖాళీ ఏర్పడుతుంది. పెద్ద శబ్దంలో ఆ ఖాళీ మరుగున పడుతుంది. చిన్న శబ్దంలో మాత్రం మీరు చెప్పిన గరగర అదే. దీన్నే క్రాసోవర్ డిస్టార్షన్ అంటారు. ఆ ఖాళీని పూడ్చడానికి పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్ల గుండా పారేలా ఉంచే చిన్న కరెంటే బయస్ కరెంటు.

అది ఎక్కువైతే ఏమవుతుందో ఒక లెక్క చూడండి. మీ ఆంప్లిఫయర్ లోపల ప్లస్ 38, మైనస్ 38 వోల్టుల సప్లై ఉందనుకుందాం. ఛానెల్‌కు 30 మిల్లీఆంపియర్ల బయస్ ఉంటే, 76 వోల్టులను దానితో గుణించినప్పుడు 2.3 వాట్ల వేడి పుడుతుంది. హీట్‌సింకు గోరువెచ్చగా ఉంటుంది. అదే 300 మిల్లీఆంపియర్లకు చేరితే 23 వాట్లు, అదీ ఒక్క పాటైనా వినకుండానే. పైగా ట్రాన్సిస్టర్ వేడెక్కే కొద్దీ దానికి కావలసిన బేసు వోల్టేజీ ఒక్కో సెల్సియస్ డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. అంటే వేడి కరెంటును పెంచుతుంది, కరెంటు వేడిని పెంచుతుంది. ఈ పరుగును ఆపడానికే హీట్‌సింకును తాకుతూ ఒక చిన్న ట్రాన్సిస్టర్‌నో డయోడ్‌నో అమరుస్తారు. హీట్‌సింకు వేడెక్కితే అది బయస్‌ను తగ్గిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1979 నుంచి ఎవరూ ముట్టని ప్రీసెట్ తనంతట తాను తిరగలేదు. కాబట్టి సర్దుబాటు చెడిందంటే ఏదో ఒక భాగం చెడిందని అర్థం. అదేమిటో తెలుసుకోకుండా ప్రీసెట్ తిప్పి రీడింగును సరిచేస్తే, లోపం మూత కింద అలాగే ఉండిపోయి మూడు నెలల తర్వాత మరింత ఖర్చుతో తిరిగి వస్తుంది. ముందు చూడవలసినవి మూడు. వేడిని గమనించే ఆ చిన్న భాగం హీట్‌సింకును ఇంకా తాకుతోందా, లేక దాని స్క్రూ వదులై గాలిలో ఉందా? అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల కింద ఉండే తెల్లని పేస్టు ఎండి సుద్దలా రాలిపోతోందా? మూడోది ప్రీసెట్టే. నా అనుభవంలో ఎక్కువసార్లు దోషి ఇదే.

పాత ప్రీసెట్లు కార్బన్ పట్టీ మీద ఒక లోహపు నాలుక జరిగేలా చేసినవి. ఏళ్లు గడిచే కొద్దీ ఆ నాలుక మీద మాలిన్యం పేరుకుని పట్టు తప్పుతుంది. అప్పుడేం జరుగుతుందన్నది అది సర్క్యూట్‌లో ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి మారుతుంది. బయస్‌ను నిలిపే చిన్న ట్రాన్సిస్టర్ బేసుకూ ఎమిటర్‌కూ మధ్య ఆ ప్రీసెట్ ఉంటే, పట్టు తప్పినప్పుడు బయస్ పడిపోతుంది. గరగర వస్తుంది గానీ నష్టం ఉండదు. ప్రీసెట్ నాలుకే నేరుగా ఆ బేసుకు కలిసి ఉంటే మాత్రం, పట్టు తప్పిన మరుక్షణం ఆ చిన్న ట్రాన్సిస్టర్ ఆగిపోయి, బయస్ గరిష్ఠానికి ఎగబాకి, అవుట్‌పుట్ జంట మాడిపోతుంది. కరెంటు ఉండగా ఏనాటి నుంచో కదలని ప్రీసెట్‌ను స్క్రూడ్రైవర్‌తో తిప్పవద్దని నేను పదే పదే చెప్పడానికి కారణం ఇదే. కాబట్టి రెండు ఛానెళ్ల ప్రీసెట్లనూ మార్చేయండి. మూసి ఉన్న సెర్మెట్ (పింగాణీ, లోహం కలిపి చేసిన) రకానివి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో చవకగానే దొరుకుతాయి. పాతదాన్ని ఊడదీశాక దాని మధ్యకాలికీ రెండు చివరికాళ్లకూ మధ్య ఎన్ని ఓములున్నాయో కొలిచి రాసుకుని, కొత్తదాన్ని బయస్ అతి తక్కువ వచ్చే కొసకు తిప్పి పెట్టి, అప్పుడు టంకం వేయండి. ఆ కొస ఏదో సర్వీస్ మాన్యువల్‌లోని సర్క్యూట్ బొమ్మ చూసి తేల్చుకోవాలి.

ఇక కొలత. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల పక్కనే తెల్లగా, దీర్ఘచతురస్రంగా ఉండే సిమెంటు రెసిస్టర్లు కనిపిస్తాయి. అవే ఎమిటర్ రెసిస్టర్లు, సాధారణంగా 0.22 నుంచి 0.5 ఓముల మధ్య ఉంటాయి. కరెంటును నేరుగా కొలిచే అవసరం లేదు. రెసిస్టర్ రెండు కొసల మధ్య వోల్టేజీ కొలిచి, దాన్ని ఓములతో భాగిస్తే చాలు. 0.47 ఓముల రెసిస్టర్ మీద 14.1 మిల్లీవోల్టులు కనిపిస్తే 30 మిల్లీఆంపియర్లు పారుతున్నట్టు. అదే 0.22 ఓములదైతే అదే కరెంటుకు 6.6 మిల్లీవోల్టులే కనిపిస్తాయి. ఇంకొకరి ఆంప్లిఫయర్‌కు చెప్పిన మిల్లీవోల్టులు మీ ఆంప్లిఫయర్‌కు ఎందుకు పనికిరావో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది. మీ మోడల్ మాన్యువల్ ఏ అంకె ఇచ్చిందో, దాన్ని ఏ రెండు బిందువుల మధ్య కొలవమందో అదే పాటించండి. కొన్ని మాన్యువళ్లు రెండు రెసిస్టర్లనూ కలిపి కొలవమంటాయి, అప్పుడు రీడింగు రెట్టింపు ఉంటుంది. కొన్ని ఫ్యూజు తీసి ఆ చోట ఆంమీటర్ పెట్టమంటాయి.

మల్టీమీటర్‌ను 200 మిల్లీవోల్టుల డీసీ రేంజిలో పెట్టి, ముందు దాని రెండు ప్రోబులను ఒకదానికొకటి తాకించి సున్నా చూపుతోందో లేదో గమనించండి. ఆ తర్వాతి సూచనను దయచేసి తేలికగా తీసుకోవద్దు. ప్రోబు మొనలను చేత్తో పట్టుకుని కొలవకండి. ప్లగ్ తీసి ఉండగానే కొక్కెం క్లిప్పులతో మీటర్ తీగలను రెసిస్టర్ కాళ్లకు తగిలించి, చేతులు బయటికి తీశాకే ప్లగ్ పెట్టండి. విద్యార్థిగా ఉన్నప్పుడు నేను సరిచేసిన మొదటి ఆంప్లిఫయర్‌లో ప్రోబు మొన అర మిల్లీమీటర్ జారి పక్క కాలిని తాకింది. చిన్న మెరుపు కనిపించింది, అంతే. రెండు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, వాటిని నడిపే రెండు డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, ఒక ఎమిటర్ రెసిస్టర్ అదే క్షణంలో పోయాయి. ఆ ఆంప్లిఫయర్ నాది కాదు, మా మేనమామది. ఆ రోజు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ప్రీసెట్లు మార్చాక మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్ ల్యాంప్ వాడండి. అంటే ఆంప్లిఫయర్‌కు వెళ్లే ఫేజు తీగలో 60 లేదా 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బును వరుసలో కలపాలి. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి అలాగే ఉంటుంది, ఆంప్లిఫయర్ బతుకుతుంది. అంతా బాగుంటే ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. కానీ బల్బు ఉన్నంతసేపు ఆంప్లిఫయర్‌కు పూర్తి వోల్టేజీ అందదు కాబట్టి, ఆ స్థితిలో వచ్చిన రీడింగును చివరిదిగా తీసుకోకూడదు. బల్బు తీశాకే అసలు సర్దుబాటు మొదలవుతుంది.

స్పీకర్లు ఊడదీసి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వండి. తర్వాత ప్రీసెట్‌ను కొద్దిగా తిప్పి, ఆగి, రీడింగు నిలకడకు వచ్చాక మళ్లీ కొద్దిగా తిప్పండి. చేరవలసిన అంకెకు కాస్త కిందే ఆగి, మూత పెట్టి, ఒక గంట తర్వాత మళ్లీ చూడండి. మూత పెట్టాక లోపలి వేడి పెరిగి రీడింగు మారుతుంది. గదిలో ఎంత వేడి ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. సంక్రాంతి చలిలో కచ్చితంగా పెట్టిన బయస్ మే నెలలో, గదిలోనే నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, కొంత పైకి పోతుంది. మన ప్రాంతంలో నేను మాన్యువల్ అంకెకు పదోవంతు తక్కువగానే నిలుపుతాను. చెవికి తేడా తెలియదు, ట్రాన్సిస్టర్లకు మాత్రం చాలా తేడా. బయస్ పెంచితే ధ్వని ‘వెచ్చగా’ వస్తుందన్న మాట మీ చెవిన పడితే దాన్ని పట్టించుకోకండి. తగినంత దాటాక పెంచితే రెండు ట్రాన్సిస్టర్లూ కలిసి పనిచేసే మేర విస్తరించి, ఆ మేర అంచుల దగ్గర మరో రకం డిస్టార్షన్ మొదలవుతుంది.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు): మా ఆంప్లిఫయర్ స్పీకర్ టెర్మినళ్ల దగ్గర, పాట లేకుండా, కుడివైపు 12 మిల్లీవోల్టులు, ఎడమవైపు 180 మిల్లీవోల్టుల డీసీ కనిపిస్తోంది. స్విచ్ వేసిన నాలుగైదు సెకన్లకు ఎడమ స్పీకర్‌లో ‘టక్’మనే శబ్దం వస్తోంది. స్పీకర్ కాలిపోతుందా?

జవాబు: 180 మిల్లీవోల్టులతో స్పీకర్ కాలిపోదు. 8 ఓముల స్పీకర్ కాయిల్ డీసీకి దాదాపు 6 ఓములుంటుంది కాబట్టి, దాని గుండా పారేది 30 మిల్లీఆంపియర్లు, పుట్టే వేడి వాటులో వెయ్యోవంతుల్లో ఉంటుంది. అయినా మీరు కంగారుపడటం సరైనదే. రెండు ఛానెళ్లూ ఒకే వయసువి, ఒకే సర్క్యూట్‌వి అయినప్పుడు ఒకటి 12 దగ్గర, మరొకటి 180 దగ్గర ఉండటం ఊరికే జరగదు. మీరు విన్న ‘టక్’ శబ్దం, స్పీకర్‌ను కాస్త ఆలస్యంగా కలిపే రక్షణ రిలే మూసుకుని ఆ డీసీ ఒక్కసారిగా స్పీకర్‌కు చేరినప్పటిది. సాధారణంగా 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నేను ముట్టుకోను. సర్దుబాటు ప్రీసెట్ ఉన్న మోడళ్లలో 10కి లోపే నిలుపుతాను.

అవుట్‌పుట్‌లో ఇలా మిగిలిపోయే డీసీని డీసీ ఆఫ్‌సెట్ అంటారు. ఇది ఇన్‌పుట్ దగ్గరి రెండు చిన్న ట్రాన్సిస్టర్ల జంటలో పుడుతుంది. వాటి రెండింటిలో కరెంటు సమానంగా పంచుకోనప్పుడు ఆ తేడా అవుట్‌పుట్‌లో కనిపిస్తుంది. ఇన్‌పుట్‌లో ఉన్న చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ వయసు మీరి లీకైనా అదే ఫలితం. ఒక సులువైన పరీక్ష చెబుతాను. వాల్యూమ్‌ను నెమ్మదిగా పెంచుతూ డీసీ రీడింగును చూడండి. అంకె కదిలితే దోషం చాలావరకు ఆ కెపాసిటర్‌దే. దాన్ని మార్చాక ప్రీసెట్ తిప్పే అవసరమే రాకపోవచ్చు. అంకె కదలకపోతే ఇన్‌పుట్ జంటను అనుమానించాలి. జంటలో ఒకటి మార్చి ఒకటి ఉంచకండి. రెండూ ఒకే రకానివి, మీటర్‌తో గెయిన్ (కరెంటును పెంచే రెట్లు) దగ్గరగా ఉన్నట్టు చూసినవి వేసి, రెండింటి చదునైన ముఖాలను ఒకదానికొకటి ఆనించి కట్టేస్తే వాటి వేడి సమంగా ఉండి ఆఫ్‌సెట్ నిలకడగా ఉంటుంది.

ఆఫ్‌సెట్, బయస్ రెండూ సర్దాల్సి వస్తే ముందు ఆఫ్‌సెట్, తర్వాత బయస్, చివర మళ్లీ ఆఫ్‌సెట్ చూడండి. ఒకటి కదిపితే రెండోది కొంచెం జరుగుతుంది. స్పీకర్లు మాత్రం ఈ పని పూర్తయ్యేదాకా దూరంగా ఉండాలి. 180 మిల్లీవోల్టులకు స్పీకర్ ఏమీ కాదు గానీ, పనిలో పొరపాటు జరిగి సప్లైలోని 35 వోల్టులూ నేరుగా వస్తే, 6 ఓముల కాయిల్‌లో 200 వాట్లకు పైగా వేడి పుడుతుంది. అంత వేడికి కాయిల్ ఎన్నో సెకన్లు నిలవదు.

ఇక్కడ ఒక తేడా కూడా చెప్పాలి. ఇంకా పాత తరం ఆంప్లిఫయర్లలో స్పీకర్‌కు వరుసలో పెద్ద కెపాసిటర్ ఉంటుంది, డీసీ స్పీకర్‌ను చేరదు. ఇంగ్లండ్‌లో 1967లో వచ్చిన క్వాడ్ 303 అలాంటిదే. అందులో సప్లైని 67 వోల్టులకు స్థిరపరచి, అవుట్‌పుట్ మధ్యబిందువును సరిగ్గా సగానికి, అంటే 33.5 వోల్టులకు సర్దుతారు. మధ్యబిందువు సగానికి లేకపోతే సంకేతం ఒకవైపు ముందే కత్తిరించుకుపోతుంది. ఈ రకం ఆంప్లిఫయర్ స్విచ్ వేసినప్పుడు వచ్చే మెత్తని ‘ధబ్’ శబ్దం ఆ కెపాసిటర్ నిండేటప్పటిది, అది లోపం కాదు.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థి): అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతే కొత్తవి వేశాను. పాత ప్రీసెట్ స్థానం అలాగే ఉంచితే సరిపోతుందా సార్?

జవాబు: సరిపోదు. పాత జంటకు సరిపోయిన స్థానం కొత్త జంటకు సరిపోయే అవకాశం తక్కువ. ప్రీసెట్‌ను బయస్ కనిష్ఠంగా వచ్చే కొసకు తెచ్చి, సిరీస్ ల్యాంప్‌తో మొదలుపెట్టండి. అంతకంటే ముందు ఎమిటర్ రెసిస్టర్లను కొలవండి. ట్రాన్సిస్టర్ పోయినప్పుడు అవి కూడా తరచుగా విలువ మారిపోతాయి, అప్పుడు మీ బయస్ లెక్కంతా తప్పుతుంది. 2ఎన్3055 వంటి లోహపు టోపీ ట్రాన్సిస్టర్లయితే ఆ టోపీయే కలెక్టర్ అని మరవకండి. కింద అభ్రకపు రేకు చిరిగితే హీట్‌సింకుతో షార్ట్ అవుతుంది. కరెంటు ఇవ్వకముందే టోపీకీ హీట్‌సింకుకూ మధ్య మీటర్ పెట్టి కరెంటు పారే దారి లేదని నిర్ధారించుకోండి. పేరున్న కంపెనీల అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లకు నకిలీలు చాలా ఉన్నాయి. ధర మరీ తక్కువగా చెబితే అనుమానించండి.

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు): నేను ఇక్కడ ఒక ఎస్టేట్ సేల్‌లో (ఇంటి సామానంతా అమ్మేసే చోట) డైనాకో స్టీరియో 70 వాల్వు ఆంప్లిఫయర్ కొన్నాను. నాలుగు ఇ.ఎల్.34 వాల్వులూ కొత్తవి వేశాను. బయస్ 1.56 వోల్టులకు పెట్టాలని చదివాను. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? అలాగే పెట్టాలా?

జవాబు: డేవిడ్ హాఫ్లర్ స్థాపించిన డైనాకో దీన్ని 1959లో తెచ్చింది. ఛానెల్‌కు 35 వాట్లు. తయారైనదిగానూ, ఇంట్లో కూర్చుకునే కిట్‌గానూ అమ్మారు కాబట్టి, సర్దుబాటును కూడా ఇంటివారే చేసుకోగలిగేలా రూపొందించారు. వాల్వులో క్యాథోడ్ ఎలక్ట్రాన్లను వదులుతుంది, ప్లేటు వాటిని అందుకుంటుంది, మధ్యలోని గ్రిడ్ ఆ ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. ప్రతి ఛానెల్‌లో రెండు ఇ.ఎల్.34ల క్యాథోడ్‌లనూ కలిపి 15.6 ఓముల ఒక్క రెసిస్టర్ ద్వారా ఛాసీకి చేర్చారు. దాని మీద 1.56 వోల్టులు ఉంటే సరిగ్గా 100 మిల్లీఆంపియర్లు, అంటే వాల్వుకు 50. లెక్క కూడా అవసరం లేకుండా చదువుకునేలా ఆ రెసిస్టర్ విలువ ఉండటం నాకు ఎప్పుడు చూసినా ముచ్చటగా అనిపిస్తుంది.

అయితే ఆ అంకె 117 వోల్టుల కరెంటు కాలానిది. ఇప్పుడు మీ ఇంటి ప్లగ్‌లో 120 నుంచి 124 వరకు ఉండవచ్చు. 117 దగ్గర వాల్వు ప్లేటుకు 415 వోల్టులు అందితే, 124 దగ్గర అది 440కి చేరుతుంది. 50 మిల్లీఆంపియర్ల దగ్గర 440 వోల్టులంటే 22 వాట్లు. ఇ.ఎల్.34 ప్లేటు పరిమితి 25 వాట్లు. పరిమితి దాటలేదు గానీ, కొత్త వాల్వులను అంత అంచు దగ్గర నడపడం నాకు ఇష్టం లేదు. 1.25 వోల్టులు పెట్టండి. వాల్వుకు 40 మిల్లీఆంపియర్లు వస్తుంది. వాల్వులు ఎక్కువ కాలం నిలుస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా ఉంటుంది.

ఒకే రెసిస్టర్ ఉండటంలో ఒక లోటు ఉంది. ఒక వాల్వు 70, రెండోది 30 మిల్లీఆంపియర్లు లాగినా మొత్తం 100గానే కనిపిస్తుంది. అందుకే ప్రతి ఛానెల్‌కు జతకలిపిన జంటే వేయాలి. వీలైతే ప్రతి క్యాథోడ్‌కూ విడిగా 10 ఓముల రెసిస్టర్ పెట్టించుకోండి. అప్పుడు 40 మిల్లీఆంపియర్లకు 0.4 వోల్టుల చొప్పున ఒక్కో వాల్వునూ విడిగా చూడగలుగుతారు.

మొదట గంటసేపు ఆంప్లిఫయర్ పక్కనే కూర్చోండి. రీడింగు మెల్లగా, ఆగకుండా పైకి పోతుంటే అది వాల్వు దోషం కాకపోవచ్చు. ముందు దశ నుంచి ఇ.ఎల్.34 గ్రిడ్‌కు సంకేతాన్ని చేర్చే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ లీకై, ప్లస్ వోల్టేజీని గ్రిడ్ మీదికి వదులుతోందేమో చూడాలి. బయస్ నాబ్ చివరికంటా తిప్పినా కరెంటు తగ్గకపోతే గ్రిడ్‌కు మైనస్ వోల్టేజీ ఇచ్చే సెలీనియం రెక్టిఫయర్ బలహీనపడి ఉంటుంది. ఇప్పటికీ మొదటిదే ఉంటే దాన్ని సిలికాన్ డయోడ్‌తో మార్చి, పక్కనున్న కెపాసిటర్లను కూడా మార్చండి. ఆ మైనస్ వోల్టేజీ పూర్తిగా పోయిన రోజున నాలుగు వాల్వుల ప్లేట్లూ ఎర్రబడతాయి. ప్లేటు ఎర్రగా కనిపిస్తే మీటర్ చూస్తూ కూర్చోకుండా వెంటనే స్విచ్ ఆపండి.

లోపల 400 వోల్టులకు పైగా ఉన్నాయి, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్‌లో నిలిచి ఉంటాయి. అడుగు మూత తీసి ఏదైనా ముట్టుకునే ముందు 10 కిలో ఓములు, 5 వాట్ల రెసిస్టర్‌ను క్లిప్పులతో తగిలించి ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా చూసుకోండి. కరెంటు ఉండగా కొలవవలసి వస్తే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోండి. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌కు భిన్నంగా ఇక్కడ స్పీకర్ గానీ దాని బదులు పెట్టే 8 ఓముల రెసిస్టర్ (డమ్మీ లోడ్) గానీ తప్పక కలిపి ఉంచాలి. లోడ్ లేకుండా సంకేతం ఇస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పాడవుతుంది, దాన్ని మళ్లీ సంపాదించడం వాల్వులంత తేలిక కాదు.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు): మా ఆంప్లిఫయర్ ముందువైపు రెండు పవర్ మీటర్లున్నాయి. ఒకే మోనో రికార్డు పెట్టినా ఎడమ ముల్లు ఎప్పుడూ వెనకబడి ఉంటుంది. మీటర్లను సరిచేయడం ఎలా?

జవాబు: ముందు ముల్లు తప్పా, శబ్దం తప్పా అన్నది తేల్చండి. వాల్యూమ్ కంట్రోలులోని రెండు పట్టీలు సమానంగా లేకపోయినా ముళ్లు అలాగే ఉంటాయి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 400 హెర్ట్‌జ్ ధ్వనిని ఆక్స్ ఇన్‌పుట్‌కు ఇచ్చి, రెండు స్పీకర్ అవుట్‌పుట్‌ల దగ్గరా ఏసీ వోల్టేజీ కొలవండి. బ్యాలెన్స్ నాబ్‌తో రెండూ సమం చేశాక కూడా ముల్లు వెనకబడితే అప్పుడు మీటర్ ప్రీసెట్ జోలికి వెళ్లవచ్చు.

దానికి స్పీకర్ బదులు 8 ఓములు, 100 వాట్ల లోహపు కవచం ఉన్న రెసిస్టర్‌ను హీట్‌సింకుకు బిగించి కలపండి. 8 ఓముల మీద 1 వాట్ అంటే 2.83 వోల్టులు, 50 వాట్లంటే 20 వోల్టులు. మల్టీమీటర్ 20 వోల్టులు చూపినప్పుడు ముల్లు 50 మీద నిలిచేలా ప్రీసెట్ తిప్పి, తర్వాత 2.83 దగ్గర 1 మీద ఉందో లేదో చూడండి. రెండు చోట్లా కచ్చితంగా కుదరకపోతే పై అంకె దగ్గర సరిపెట్టుకోండి. పూర్తి శక్తి దగ్గర కొన్ని సెకన్లకు మించి ఉంచకండి. 400 హెర్ట్‌జ్ ఎంచుకోవడానికి కారణం, మామూలు మల్టీమీటర్లు అంతకు బాగా పైనున్న ఫ్రీక్వెన్సీల దగ్గర తక్కువ చూపుతాయి. కరెంటు లేనప్పుడే ముల్లు సున్నాకు రాకపోతే అది మీటర్ ముఖం మీది చిన్న స్క్రూతో సర్దుకునే విషయం, ప్రీసెట్‌తో సంబంధం లేదు. సముద్రపు గాలి తగిలే ఇల్లయితే ఈ ప్రీసెట్లలో కూడా మాలిన్యం చేరి ఉంటుంది. ప్లగ్ తీసి కాంటాక్ట్ క్లీనర్ వేసి, ఉన్న స్థానాన్ని గుర్తుపెట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసకు పదిసార్లు తిప్పి మళ్లీ అక్కడికే తెండి.

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు): ఇదంతా చేయడానికి ఆసిలోస్కోప్ కొనాలా? ఒకసారి చేసిన సర్దుబాటును ఎంత కాలానికి మళ్లీ చూసుకోవాలి?

జవాబు: బయస్‌కూ ఆఫ్‌సెట్‌కూ నమ్మదగిన మల్టీమీటర్ చాలు, రెండు మీటర్లుంటే రెండు ఛానెళ్లనూ ఒకేసారి చూడవచ్చు. ఆసిలోస్కోప్ అక్కరకు వచ్చేది ఒక్క సందర్భంలో. చెవికి వినపడనంత ఎత్తైన ఫ్రీక్వెన్సీలో ఆంప్లిఫయర్ తనంతట తాను ఊగుతుంటే, అంటే ఆసిలేట్ అవుతుంటే, హీట్‌సింకు కారణం లేకుండా వేడెక్కుతుంది, మీటర్ రీడింగు నిలవదు, తీగ దగ్గరికి చెయ్యి తెస్తే అంకె మారుతుంది. ఈ లక్షణాలు కనిపిస్తే ప్రీసెట్ తిప్పడం ఆపి, స్కోప్ ఉన్నవారి దగ్గరికి తీసుకెళ్లండి.

సర్దిన నెల రోజులకు ఒకసారి చూసి, ఆ తర్వాత ఏడాదికి ఒకసారి, అదీ వీలైతే మే నెలలో చూస్తే చాలు. ప్రతిసారీ తేదీ, గదిలోని వేడి, ప్లగ్‌లోని వోల్టేజీ, రెండు ఛానెళ్ల బయస్, ఆఫ్‌సెట్ అంకెలను ఒక చిన్న కాగితం మీద రాసి మూత లోపలివైపు అంటించండి. నా దగ్గరికి వచ్చిన ఒక ఆంప్లిఫయర్ మూత లోపల అలాంటి కాగితం మీద నాలుగు వేర్వేరు చేతిరాతలు ఉన్నాయి. మొదటిది 1981 నాటిది. చివరి రెండు అంకెల మధ్య తేడా చూడగానే ఏ భాగం మారుతోందో, బోర్డును ముట్టుకోకముందే నాకు తెలిసింది.